పేరు పలక లేని నల్ల సైకిల్: యుద్ధానికి ముందుదేనా?

నల్లగుర్రం:

అందరికీ నమస్కారం. ఒక పాత మగవాళ్ళ సైకిల్ ఈమధ్య నా దగ్గరికి వచ్చింది. అమ్మినాయన "ఇది 1920 నాటి బీఎస్ఏ, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు సరుకు" అని గట్టిగా చెప్పాడు. ఆధారం అడిగితే చైన్ చక్రం చూపించాడు. అందులో బీఎస్ఏ అక్షరాలు కోసి ఉన్న మాట నిజమే. అంతకు మించి ఆయనకూ ఏమీ తెలిసినట్టు లేదు.

నాకు కనిపించినవన్నీ రాస్తున్నాను. 28 అంగుళాల చక్రాలు. ముందూ వెనకా రాడ్ బ్రేకులు. ఒళ్ళంతా నలుపు, మడ్‌గార్డుల మీద సన్నటి బంగారు గీత ఆనవాళ్ళు. హ్యాండిల్ కింద ఫ్రేమ్ ముందు గొట్టం మీద పేరు పలక లేదు, అది ఉండాల్సిన చోట ఒకదాని కింద ఒకటి రెండు రంధ్రాలు మాత్రం ఉన్నాయి. ముందు ఫోర్క్ వింతగా ఉంది. మామూలుగా ఒక్కో పక్కన ఒక్క గొట్టం దిగుతుంది కదా, దీనికి ఒక్కో పక్కన రెండేసి సన్న గొట్టాలు జంటగా దిగి, చక్రం ఇరుసు దగ్గర కలుస్తున్నాయి. వెనక చక్రం హబ్ మీద గేర్ల హబ్బులు చేసే స్టర్మీ ఆర్చర్ కంపెనీ పేరు, ఏడబ్ల్యూ అనే అక్షరాలు, పక్కనే 8 అంకె. సీటు గొట్టం పైన, సీటు బిగించే లగ్గు (గొట్టాలను కలిపే ఇనుప తొడుగు) మీద ఒక అక్షరం, కొన్ని అంకెలు ఉన్నాయి కానీ పెయింట్ నిండిపోయి సరిగ్గా కనిపించడం లేదు. వెనక మడ్‌గార్డు చివర తెల్ల రంగు. సీటు, టైర్లు, పెడళ్ళు మాత్రం కొత్తవే, అవి లెక్కలోకి రావు.

ఇది నిజంగా బీఎస్ఏనా? ఏ ఏడాదిది అయి ఉంటుంది? తుప్పు కొంచెం ఎక్కువగానే ఉంది కాబట్టి ముందు పెయింట్ అంతా గీకించి కొత్తగా నల్ల రంగు వేయించేసి, తర్వాత తీరిగ్గా వెతుకుదామనుకుంటున్నాను. సరేనా?

కాటర్‌పిన్:

చైన్ చక్రం మీద పేరుంటే ఇంక అనుమానం ఎందుకండీ, బీఎస్ఏనే. 8 అంటే 1928 అయి ఉంటుంది. ఒకవేళ 1908 అయితే జాక్‌పాట్ కొట్టినట్టే! రంగు వేయించి ఫొటో పెట్టండి.

గ్రీజుచేతులు:

రంగు సంగతి ముందు. దయచేసి ఆ గీకే మనిషికి ఫోన్ చేయకండి. ఎందుకో చివర్లో చెప్తాను.

కాటర్‌పిన్ గారూ, కోపం తెచ్చుకోకండి గానీ, చైన్ చక్రం చూసి సైకిల్‌కి పేరు పెట్టడం ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. క్రాంక్‌ని, అంటే పెడల్ బిగించే చేతిని, ఇరుసుకి పట్టి ఉంచే ఒక్క కాటర్ పిన్ కొడితే దానితో సహా ఊడి వచ్చే వస్తువు అది. పళ్ళు అరిగితే మారుస్తారు, చైన్ తెగిపోతుంటే మారుస్తారు, దొరికింది వేస్తారు. పైగా బీఎస్ఏ వాళ్ళు సొంత సైకిళ్ళు చేయడమే కాదు, లగ్గులూ హబ్బులూ క్రాంకులూ చైన్ చక్రాలూ విడిగా అమ్మేవాళ్ళు. చిన్న చిన్న తయారీదార్లు ఆ సామాను కొని, ఫ్రేమ్ కట్టి, తమ పేరు అంటించుకునేవాళ్ళు. కాబట్టి ఆ అక్షరాలు చైన్ చక్రం బీఎస్ఏది అని మాత్రమే చెప్తాయి. మూడు తుపాకులు ఆనించి పెట్టిన బీఎస్ఏ ముద్ర ఏదైనా విడి భాగం మీద కనిపించినా ఇదే లెక్క.

పాత సైకిల్ చూసేటప్పుడు నేను పాటించే వరస ఒకటే. ఏది మార్చడం కష్టమో దాన్ని ముందు చూడాలి. ఫ్రేమ్ మొదట, ఫోర్క్ తర్వాత, హబ్బులు ఆ తర్వాత, రిమ్ములు ఇంకా తర్వాత. క్రాంకులు, పెడళ్ళు, సీటు, హ్యాండిల్ చిట్టచివర. అమ్మేవాళ్ళు ఎప్పుడూ దీన్ని తలకిందులుగా చూపిస్తారు, ఎందుకంటే పేర్లు బాగా కనిపించేది ఆ చివరి వస్తువుల మీదే.

ఇప్పుడు మీ సైకిల్. మీరు వింతగా ఉందన్న ఆ ఫోర్కే అసలు సాక్షి. ఒక్కో పక్కన రెండేసి గొట్టాలు ఉండే ఫోర్క్ హంబర్ కంపెనీ గుర్తు. డ్యూప్లెక్స్ ఫోర్క్ అంటారు. వంద అడుగుల దూరం నుంచి చూసినా హంబర్ అని చెప్పేయొచ్చు. హంబర్ అసలు చైన్ చక్రం కూడా ముచ్చటగా ఉంటుంది, చుట్టూ ఐదుగురు మనుషులు పరిగెత్తుతున్నట్టు కోసి ఉంటుంది. మీ సైకిల్‌కి అది ఎప్పుడో పోయి, దాని చోట బీఎస్ఏది వచ్చింది అనుకుంటున్నాను. అప్పటి ఇంగ్లీషు కంపెనీలన్నిటికీ ఈ అలవాటు ఉంది, చైన్ చక్రంలోనే తమ బొమ్మ కోసేవాళ్ళు. రాలీకి కొంగ, రడ్జ్‌కి అరచెయ్యి. బొమ్మ అందంగా ఉండబట్టే ఊడదీసి వేరే సైకిళ్ళకి బిగించడం కూడా ఎక్కువే. అరచెయ్యి చక్రం ఉన్న సైకిల్ రడ్జ్ అయి ఉండాల్సిన పని లేదు.

ఫోర్క్ కూడా వేరే సైకిల్ నుంచి వచ్చి ఉండొచ్చు కదా అంటారు. అనాలి కూడా. అందుకే దాన్ని పరీక్ష చేయాలి. హంబర్ సైకిళ్ళ వ్యాపారం 1932లో నాటింగ్‌హామ్‌లోని రాలీ చేతికి వెళ్ళింది. అక్కడి నుంచి హంబర్ పేరుతో వచ్చినవి రాలీ ఫ్యాక్టరీలో తయారైనవే. రాలీకి ఒక మొండి అలవాటు ఉంది. మిగతా ఇంగ్లీషు కంపెనీలు పెడల్ ఇరుసు గూట్లో అంగుళానికి 24 మరలు వేస్తే, రాలీ 26 వేసేది. హ్యాండిల్ కింద బేరింగ్ కప్పులు, ఫోర్క్ పైమరలు కూడా 26 లెక్కే. వాడుకునేవాళ్ళకి ఇది తలనొప్పి, మనలాంటి వాళ్ళకి వరం. గూట్లో మరలు 26 అయితే మీ ఫ్రేమ్ రాలీ చేసినది. ఫోర్క్ హంబర్, ఫ్రేమ్ రాలీ చేసినది, రెండూ ఒకదానికొకటి సరిపోయాయి అంటే 1932కి ముందుది కాదు అని తేలిపోతుంది. ఆ 1920 కథ అక్కడితో సరి.

ఎలా చూడాలంటే, ఎడమ పక్క క్రాంక్ ఒక్కటే విప్పండి. కాటర్ పిన్ నట్టుని పూర్తిగా తీయకుండా, పిన్ను చివరతో సమానంగా వచ్చేదాకా వదులు చేయండి. క్రాంక్ కింద గట్టి కొయ్యో ఇనుప గొట్టమో ఆనించి అప్పుడు కొట్టండి. ఆనించకుండా కొడితే ఆ దెబ్బ బేరింగు గోలీలకి తగులుతుంది, పిన్ను వంగుతుంది, మీ రోజు పాడవుతుంది. తర్వాత పెడల్ ఇరుసు గూటికి బిగించిన ఎడమ బేరింగ్ కప్పు విప్పితే చాలు, కుడి కప్పు జోలికి పోవద్దు. దానికి ఎడమ మర ఉంటుంది, తెలియక బిగించేసి గూడు చీల్చినవాళ్ళని చూశాను. ఊడిన కప్పు మీద మరల గేజ్ పెట్టి చూడండి. గేజ్ లేకపోతే 24 మరలున్న మామూలు కప్పు ఒకటి తెచ్చుకుని రెండిటి మరలనూ ఎదురెదురుగా ఆనించి వెలుతురుకి పట్టండి. సరిగ్గా కూర్చుంటే ఒకటే, మధ్యలో వెలుతురు కనిపిస్తే వేరు. కొత్త కప్పుని గూట్లోకి తిప్పి చూసే పని మాత్రం పెట్టుకోకండి. రెండు చుట్లు వెళ్ళి ఆగుతుంది, బలం పెడితే మరలు పోతాయి.

ఇక హబ్. ఏడబ్ల్యూ అనే మూడు గేర్ల హబ్ 1936లో వచ్చింది. దానికి ముందు అది లేదు, స్టర్మీ ఆర్చర్‌లో కే రకం నడిచేది. కాబట్టి 8 అంటే 1928 కాదు, 1908 అసలే కాదు. 1930ల చివర్లో ఏడాది చివరి అంకె ఒక్కటే కొట్టేవాళ్ళు, యుద్ధం తర్వాత రెండంకెలు కొట్టారు. మీది 1938 హబ్. కానీ మళ్ళీ అదే మాట, అది హబ్ తయారైన ఏడాది. ఆ చక్రం మొదటి నుంచీ ఈ ఫ్రేమ్‌దే అని తేలితేనే సైకిల్‌కి ఆ ఏడాది వర్తిస్తుంది. అలా తేల్చడానికి హబ్ ఒక్కటీ చాలదు, రిమ్ము చూడాలి. వెనక రిమ్ము మీద పెయింట్, గీత మడ్‌గార్డు మీద గీతతో కలుస్తున్నాయా చూసి చెప్పండి.

మెరుగు పూత కూడా చూడండి. హ్యాండిల్ మీద మెరుపు కొంచెం పసుపు ఛాయలో వెచ్చగా ఉంటే నికెల్, నీలం ఛాయలో చల్లగా ఉంటే క్రోమ్. సైకిళ్ళ మీదికి క్రోమ్ 1920ల చివర్లో వచ్చి 1930ల మొదటికల్లా మామూలైపోయింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. క్రోమ్‌ని నికెల్ పొర మీదే వేస్తారు. క్రోమ్ అరిగిపోయిన చోట కింది నికెల్ పసుపుగా తేలి, "ఇదిగో నికెల్, 1920లదే" అనిపిస్తుంది. అందుకని చెయ్యి తగలని చోట చూడాలి. హ్యాండిల్ కాడ ఫ్రేమ్‌లోకి దిగిన భాగం, బ్రేకు కడ్డీల వెనక వైపు, సీటు గొట్టం లోపలికి దిగిన చోటు. యుద్ధ కాలంలో అయితే ఈ మెరుగులే లేవు, మామూలుగా మెరిసే భాగాలకి కూడా నల్ల రంగే పూసి పంపారు. అలాంటి సైకిల్ దొరికితే తుప్పు కప్పడానికి ఎవరో రంగు పూశారని పొరపడకండి.

తెల్ల రంగు గురించి. బ్రిటన్‌లో 1930ల మధ్యలో సైకిల్ వెనక తెల్లటి మచ్చ ఉండాలని చట్టం వచ్చింది, రాత్రి పూట కనిపించడానికి. కాబట్టి ఫ్యాక్టరీ నుంచే తెల్లగా వచ్చిన మడ్‌గార్డు ఆ కాలానికి బాగా సరిపోతుంది. ఎవరో తర్వాత పూసిన తెలుపు అయితే ఏమీ చెప్పదు. గీత తెలుపు దగ్గర పద్ధతిగా ఆగిందా, లేక తెలుపు గీత మీదుగా పోయిందా చూడండి.

సీటు లగ్గు మీద నంబర్ ఉండడం రాలీ అలవాటే, అదీ ఒక మంచి సూచన. పెయింట్ తీయకుండానే చదవొచ్చు. పైన పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌తో రుద్దండి. నంబర్ దొరికాక ఇంటర్నెట్‌లో ఎవరో ఒకరు పెట్టిన "అన్ని సైకిళ్ళ నంబర్ల పట్టిక" లాంటిది చూసి సంబరపడకండి. ప్రతి కంపెనీకీ దాని వరస దానిది. ఒకే కంపెనీలో కూడా వరసలు మధ్యలో ఆగి మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యేవి. ఒకే నంబర్ రెండు కాలాలకి సరిపోవడం మామూలు.

రంగు ఎందుకు వద్దన్నానో ఇప్పటికి అర్థమై ఉంటుంది. గీత, తెలుపు, రిమ్ము పెయింట్, పలక పోయిన చోట దాని నీడ, ఫ్రేమ్ గొట్టం మీద స్టిక్కర్ మిగిల్చిన గరుకు, ఇవన్నీ ఆ పాత నలుపులోనే ఉన్నాయి. గీకించారంటే మీ సాక్షులందరినీ బయటికి పంపి తలుపేసుకున్నట్టే. చీకటి గదిలో టార్చ్ లైటుని ఫ్రేమ్ గొట్టానికి దాదాపు ఆనించి పక్కవాటుగా వేయండి. పేరు రంగు పోయినా దాని అంచులు పైకి తేలి కనిపిస్తాయి.

టార్పెడో:

గ్రీజుచేతులు గారు రాసిందానికి ఒక చిన్న చేర్పు. చక్రం పుల్లలు లెక్కపెట్టండి. పాత ఇంగ్లీషు సైకిళ్ళకి ముందు చక్రంలో 32, వెనక 40 ఉంటాయి. అమెరికా, జర్మనీ సైకిళ్ళలో ముందూ వెనకా 36 మామూలు. ఏడాది చెప్పదు గానీ, ముందు 32, వెనక 40 ఉంటే చక్రాలు పుట్టింటివే అనుకోవచ్చు, మధ్యలో ఎవరో వేరే దేశం రిమ్ము ఎక్కించలేదని తెలుస్తుంది.

నా దగ్గర ఉన్నవన్నీ జర్మనీవి. వాటితో పని తేలిక, ఒప్పుకోవాలి. ష్వైన్‌ఫుర్ట్‌లోని ఫిచ్‌టెల్ అండ్ సాక్స్ వాళ్ళ టార్పెడో హబ్ 1903లో మొదలైంది. 1930ల హబ్బుల మీద ఏడాది చివరి రెండంకెలూ నేరుగా కొట్టి ఉంటాయి. 37 అంటే 37. అంత చక్కగా రాసిపెట్టినా కూడా ఫ్రేమ్ ఏ కంపెనీదో తేలక నెలలు గడిచిన సైకిల్ ఒకటి నా దగ్గరే ఉంది. చిన్న చిన్న కంపెనీలు లెక్కలేనన్ని, అందరూ అదే హబ్ కొని వేసేవాళ్ళు.

బెలూన్‌టైర్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది అమెరికా సైకిల్. 26 అంగుళాల లావు టైర్లు, ట్యాంకు లాంటి డబ్బా ఉన్న ఫ్రేమ్, చైన్ చక్రానికి పళ్ళు ఒకటి విడిచి ఒకటి ఉన్నట్టు చాలా దూరం దూరంగా ఉన్నాయి. ముందు పలక మీద ఏదో దుకాణం పేరు ఉంది, ఆ పేరుతో సైకిల్ కంపెనీయే కనిపించడం లేదు. దూరం పళ్ళ చైన్ ఉంటే యుద్ధానికి ముందుదే అని విన్నాను. నిజమేనా?

గ్రీజుచేతులు:

పూర్తిగా నిజం కాదు. ఒక పన్ను విడిచిన చైన్, అంటే లింకు పొడవు అంగుళం ఉండేది, యుద్ధానికి ముందు అమెరికా సైకిళ్ళలో మామూలు. కానీ యుద్ధం అయిపోయిన మర్నాడే అందరూ మానేయలేదు, కొన్ని తర్వాత కూడా అలాగే వచ్చాయి. అందుకని ఆ చైన్ "యుద్ధానికి ముందుది కావచ్చు" అంటుంది, అంతే. లావు టైర్లు ఇంకొంచెం గట్టి మాట చెప్తాయి. ఆ 26 అంగుళాలు, 2.125 కొలత బెలూన్ టైర్‌ని అమెరికా సైకిళ్ళకి తెచ్చింది ష్విన్ కంపెనీ, 1933లో. ఆ రిమ్ములు అసలువైతే మీ సైకిల్ దానికి ముందుది కాదు.

దుకాణం పేరు విషయంలో అయోమయం అక్కర్లేదు. షికాగో ష్విన్‌తో సహా అక్కడి పెద్ద తయారీదార్లు అదే సైకిల్‌ని రకరకాల దుకాణాల పేర్ల పలకలతో అమ్మేవాళ్ళు. పలకని పక్కన పెట్టి, వెనక చక్రం ఇరుసు కూర్చునే చీలికల ఆకారం, పెడల్ ఇరుసు గూడు, చైన్ చక్రం నమూనా పోల్చుకోండి. తయారీదారు ఎవరో అక్కడ దొరుకుతాడు. ష్విన్ అని తేలితే మాత్రం నంబర్‌తో ఏడాది తీయడం కష్టం, 1948కి ముందు రికార్డులు అగ్నిప్రమాదంలో పోయాయి. వెనక బ్రేకు హబ్ మీద మారో అని ఉందేమో చూడండి. ఉంటే పక్కన ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. అక్షరం ఏడాదికి, అంకె మూడు నెలల కాలానికి. న్యూ డిపార్చర్ హబ్ అయితే ఆ సుఖం లేదు. మీరు వేరే ప్రశ్నగా ఫొటోలతో పెడితే బాగుంటుంది, ఇక్కడ హంబర్ పని ఇంకా ఉంది.

నల్లగుర్రం:

అందరికీ థాంక్స్. రంగు వేసే మనిషికి వద్దని చెప్పేశాను.

చూడమన్నవన్నీ చూశాను. ఎడమ కప్పు విప్పి గేజ్ పెడితే 26 సరిగ్గా కూర్చుంది, 24 కూర్చోలేదు. ఫోర్క్ పైమరలు కూడా 26. పుల్లలు ముందు 32, వెనక 40. ఎడమ క్రాంక్ విప్పాక ఇంకో సంగతి తెలిసింది, కుడి క్రాంక్‌కీ దీనికీ ఆకారమే వేరు. కుడిది వెడల్పు, ఎడమది సన్నగా గుండ్రంగా ఉంది, దాని మీద బీఎస్ఏ ముద్ర లేదు.

రెండు రిమ్ములూ మధ్యలో నల్ల పెయింట్, అంచులు మెరుగు పూత. నలుపు మీద సన్న గీత ఉంది, మడ్‌గార్డు గీత ఎంత వెడల్పో ఇదీ అంతే, రంగూ అదే. వెనక మడ్‌గార్డు మీద గీత తెలుపు దగ్గర చక్కగా ఆగిపోయింది, తెలుపు కింద ఎక్కడా గీత కనిపించలేదు. హ్యాండిల్ కాడ లోపలి భాగం నీలం ఛాయలో ఉంది, బయట చేతులు పట్టే చోట పసుపు. మీరు చెప్పకపోతే ఆ పసుపు చూసి నికెల్ అనే అనుకునేవాణ్ణి.

టార్చ్ పక్కవాటుగా వేస్తే ఫ్రేమ్ కింది గొట్టం మీద అక్షరాల అంచులు లేచి కనిపించాయి. మొదటి అక్షరం హెచ్, చివరిది ఆర్. మధ్యలోవి ఉబ్బిన తుప్పులో కలిసిపోయాయి. సీటు లగ్గు నంబర్‌ని పెన్సిల్‌తో రుద్ది తీశాను, ఒక అక్షరం మాత్రం పీనా ఆరా తేలడం లేదు.

ఇంతకీ 1938 అని రాసుకోవచ్చా? ఇంకో భయం ఏమిటంటే, ఎవరో ఒకాయన ఫోన్‌లో "డ్యూప్లెక్స్ ఫోర్క్ యుద్ధం తర్వాత కూడా వచ్చింది, మీది 1950లది కూడా కావచ్చు" అన్నాడు. కొంచెం టెన్షన్ పట్టుకుంది.

కాటర్‌పిన్:

సరే, బీఎస్ఏ కాదు! కానీ అసలు హంబర్ చైన్ చక్రం ఎక్కడైనా దొరికితే వేసేయండి, ఆ పరిగెత్తే మనుషులు చూడాలని ఉంది.

గ్రీజుచేతులు:

ఫోన్‌లో చెప్పినాయన మాట తప్పు కాదు. హంబర్ డ్యూప్లెక్స్ ఫోర్క్ యుద్ధం తర్వాత కూడా వచ్చింది, రాలీ 26 మరలు కూడా చాలా కాలం కొనసాగాయి. అంటే ఫోర్కూ మరలూ కలిసి మనకి కింది హద్దు మాత్రమే ఇచ్చాయి, 1932. పై హద్దు అవి ఇవ్వలేవు. దానికి మీ చక్రాలే దిక్కు.

ఇప్పుడు చూడండి. వెనక హబ్ 1938ది. అది ఉన్న రిమ్ము మీద గీత, ముందు రిమ్ము మీద గీత, మడ్‌గార్డు మీద గీత, మూడూ ఒకే వెడల్పు, ఒకే రంగు. ముందు 32, వెనక 40. 1950ల ఫ్రేమ్‌కి ఎవరైనా 1938 చక్రం తెచ్చి వేశారంటే, దానికి జోడీ ముందు చక్రం, దానికి సరిపోయే గీత ఉన్న మడ్‌గార్డులు కూడా వెతికి తెచ్చి వేయాలి. పైగా ఆ మడ్‌గార్డులు బిగించే చోట్లు, బ్రేకు కడ్డీల బిగింపులు కూడా సరిపోవాలి. చైన్ చక్రం కోసం ఏది దొరికితే అది తెచ్చి బిగించిన మనిషి ఆ పని చేశాడంటే నేను నమ్మను. చక్రాలూ మడ్‌గార్డులూ ఒక కుటుంబం, ఫ్రేమ్‌తో పాటే వచ్చాయి. ఒకటే తేల్చాల్సి ఉంది, ఫ్రేమ్ మీది నలుపు, మడ్‌గార్డు మీది నలుపు ఒకటేనా అన్నది. పెయింట్ లేచిన చోట రెండిట్లోనూ పొరల అంచు భూతద్దంతో చూడండి. అదే వరసలో అవే పొరలుంటే ఇక అనుమానం లేదు. ఫ్రేమ్ మీద ఒక పొర ఎక్కువ ఉంటే ఫ్రేమ్‌కి మాత్రం మళ్ళీ రంగు పడిందని అర్థం, దానివల్ల ఏడాది మారదు.

ఎడమ క్రాంక్ గురించి మీరు రాసింది చాలా ముఖ్యం, నేను అడగడం మర్చిపోయినా మీరే పట్టుకున్నారు. రెండు క్రాంకులు వేరు వేరు ఆకారాల్లో ఫ్యాక్టరీ నుంచి రావు. కుడిది తర్వాత వచ్చింది. ఎడమది అసలుదై ఉండే అవకాశం ఎక్కువ, దాన్ని మాత్రం పారేయకండి. కాటర్‌పిన్ గారి సలహా ప్రకారం హంబర్ చక్రం దొరికితే వేసుకోవడంలో తప్పు లేదు, నేనూ వేసుకుంటాను. కానీ బీఎస్ఏది ఒక సంచిలో వేసి, "ఈ సైకిల్ నుంచి తీసినది" అని చీటీ కట్టి దాచండి.

రాసుకోవడం విషయానికొస్తే, నేనైతే "హంబర్, రాలీ తయారీ, సుమారు 1938, చైన్ చక్రం తర్వాతిది" అని రాస్తాను. 1938 అని ఒట్టి అంకె రాయను. హబ్ మీద 8 ఉన్నా, ఆ హబ్ ఫ్యాక్టరీలో కొంతకాలం అరలో ఉండి 1939లో ఈ చక్రంలోకి వెళ్ళి ఉండొచ్చు. ముందుకి జరగొచ్చు గానీ వెనక్కి జరగదు, 1937 మాత్రం కాదు.

నంబర్ గురించి. రాలీ పాత రికార్డులు కొన్ని నాటింగ్‌హామ్‌షైర్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1955లో మొదలైన వెటరన్ సైకిల్ క్లబ్ దగ్గర పాత కేటలాగుల పెద్ద సేకరణ ఉంది, సభ్యులు పాత సైకిళ్ళ ఏడాది తేల్చడంలో సాయం చేస్తారు. కేటలాగుల్లో మీకు కావాల్సింది 1938, 1939 హంబర్ పేజీలు. వాటిలో గీత రంగు, రిమ్ము నమూనా, గేర్ల వివరం ఉంటాయి, మోడల్ పేరు అక్కడే దొరుకుతుంది. అడిగేటప్పుడు ఆ తేలని అక్షరాన్ని ఊహించి రాయకండి. పీ అయినా ఆర్ అయినా కావచ్చు అని రెండూ రాసి, పెన్సిల్ కాగితం ఫొటో జత చేయండి.

టార్పెడో:

తుప్పు కోసం ఆక్సాలిక్ యాసిడ్ నీళ్ళలో ఫ్రేమ్ మొత్తం ముంచమని ఎవరైనా చెప్తే, ఆ టార్చ్ కింద కనిపించిన అక్షరాలున్న గొట్టాన్ని మాత్రం ముంచకండి. తుప్పుతో పాటు అక్షరాల అంచులూ లేచిపోతాయి. పల్చటి నూనె, మెత్తటి గుడ్డ, ఓపిక. మెరుగు భాగాలకి నలిపిన అల్యూమినియం రేకు తడిపి రుద్దితే చాలు.

నల్లగుర్రం:

భూతద్దంతో చూశాను. ఫ్రేమ్ మీదా మడ్‌గార్డు మీదా రెండేసి పొరలు, కింద ఒకటి మట్టి రంగులో, పైన నలుపు. వరస ఒకటే. గీత కూడా అదే నలుపు మీద ఉంది. "సుమారు 1938" అనే రాసి క్లబ్‌కి పంపుతున్నాను, పీ, ఆర్ రెండూ పెట్టి. హ్యాండిల్‌ని రేకుతో కొంచెం రుద్ది చూస్తే చుక్కల తుప్పు పోయింది, కింద క్రోమ్ చాలావరకు బాగానే ఉంది. పలక ఊడిన రంధ్రాలకి కొత్త పలక కొట్టించమని ఒకరు అంటున్నారు. అది వద్దనే అనుకుంటున్నాను, అసలుది దొరికేదాకా ఖాళీగానే ఉంచుతాను.